గంటా పది నిమిషాల దూరం

పోస్టు పొడుగైపోయింది. రెండు రాత్రులు కూర్చుని రాసాను. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చదవండి.

మొన్న ఆదివారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక ప్రశ్న పెట్టాడు. "బ్యాంకాక్ నుంచి నాంఫెన్‌కి ఫ్లైట్‌లో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది, ఎవరికైనా తెలుసా?" అని. కింద పదకొండు మంది జవాబులు పెట్టారు. "గంట బ్రో." "గంటంపావు." "దగ్గరే, టెన్షన్ పడకు." ఒకన్న విమానం బొమ్మ పెట్టి వదిలేసాడు. అన్నీ కరెక్టే. నేను కూడా "గంటా పది నిమిషాలు తమ్ముడూ" అని టైపు చేసి, మళ్లీ చెరిపేసాను. ఎందుకంటే ఇదే ప్రశ్నకి ఇంతకు ముందు ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను. మా ఇంటి అరుగు మీద కూర్చుని, పది మంది మధ్యలో, చాలా గొప్పగా చెప్పాను.

2024 నవంబరు. కాఫీ పళ్లు ఏరే రోజులు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, వైజాగ్‌లో హాస్టల్లో చేరి నాలుగు నెలలయింది. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కినోడిని నేనే మొదట. ఆ వారం ఊరికి వెళ్లేసరికి మా మావయ్య కొడుకు, మా బావ, ఎదురొచ్చి ఫోను చేతిలో పెట్టాడు. టికెట్ వచ్చిందిరా, చదివి చెప్పు అన్నాడు. బావ ఇంటర్ వరకు చదివాడు, టికెట్ చదవలేక కాదు. కాలేజీలో చదివేవాడు చదివితే మావయ్యకి, అత్తకి ధైర్యంగా ఉంటుందని.

ఉద్యోగం బ్యాంకాక్‌లో. కంప్యూటర్ ముందు కూర్చుని పేర్లు, నంబర్లు ఎక్కించే పని. నెలకి అరవై వేలు, తిండి, రూము వాళ్లదే. ఒక తెలిసినాయన ద్వారా ఒక ఏజెంటు. ఏజెంటుకి లక్షా నలభై వేలు. అందులో సగం మిరియాల మీద, కాఫీ మీద షావుకారు దగ్గర ముందుగా తెచ్చిన అప్పు. భూమి తాకట్టు పెట్టడానికి 1/70 చట్టం ఒప్పుకోదు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ పెట్టేసేవాళ్లం.

టికెట్‌లో రెండు విమానాలున్నాయి. మొదటిది వైజాగ్‌లో రాత్రి 11.50కి బయల్దేరి బ్యాంకాక్‌లో తెల్లవారి 4.15కి దిగుతుంది. నేను వేళ్ల మీద లెక్కేసి "నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలు" అన్నాను. బావ నవ్వి, కింద చిన్న అక్షరాల్లో రెండు గంటల యాభై ఐదు నిమిషాలు అని ఉంది గదరా అన్నాడు. సిగ్గేసింది. తర్వాత వెలిగింది. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. దిగే టైము వాళ్ల గడియారంలో రాస్తారు. అది తీసేస్తే లెక్క సరిపోయింది. అప్పుడు అందరికీ వినబడేలా చెప్పాను: "ఇక్కడ పదకొండు అయితే అక్కడ పన్నెండున్నర." మావయ్య "అవునా!" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా ఛాతీ ఎంత పొంగిందో మీకు చెప్పలేను.

రెండోది పొద్దున్న 7.30కి బ్యాంకాక్‌లో లేచి 8.40కి నాంఫెన్‌లో దిగుతుంది. ఈసారి నేను తడబడలేదు. ఫోన్‌లో చూసి రెండు ఊళ్లకీ ఒకటే గడియారం అని చెప్పాను. గంటా పది నిమిషాలు. దూరం దాదాపు 530 కిలోమీటర్లు.

మా అత్త కాఫీ పళ్లు ఎండబోసుకుంటూ అంతా వింటోంది. అత్తకి సంతకం కూడా రాదు. అక్కడి నుంచే అడిగింది: "ఏరా, ఉద్యోగం బ్యాంకాక్‌లో అన్నారు గదా. మరి అక్కడ దిగినాక మళ్లీ ఇమానం ఎందుకు ఎక్కాల?"

ఎవరూ మాట్లాడలేదు. అందరూ నా వైపు చూసారు.

నేను అన్నాను, "గంటే కదా అత్తా. మనం పాడేరు వెళ్లడం కన్నా దగ్గర."

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది.

నేను చెప్పినది అబద్ధమేమీ కాదు. మా ఊరు నుంచి తారు రోడ్డుకి ఏడు కిలోమీటర్లు నడక. వాగు నిండితే ఆగాలి. రోడ్డెక్కాక సర్వీసు జీపు నిండేదాకా ఆగాలి. పాడేరు చేరేసరికి పూట గడిచిపోతుంది. పాడేరు నుంచి వైజాగ్ 110 కిలోమీటర్ల పైచిలుకు, ఘాట్ దిగి వెళ్లే బస్సుకి మూడున్నర గంటలు. మన దగ్గర దూరం కిలోమీటర్లలో ఎవరూ చెప్పరు కదా. రెండు కొండలవతల అంటాం, పొద్దెక్కేలోగా చేరతాం అంటాం. డోలీ మోసినవాళ్లకి అయితే అస్సలు చెప్పక్కర్లేదు. అలాంటి చోట పుట్టినోడికి 530 కిలోమీటర్లు గంటా పది నిమిషాలంటే అది పక్కిల్లే. నేను దూరం సంగతి చెప్పాను. అత్త అడిగింది దూరం గురించి కాదు.

బావ వెళ్లాడు. బ్యాంకాక్‌లో దిగి విమానాశ్రయం వైఫైతో ఫోటో పంపాడు. నాంఫెన్‌లో దిగి, "దిగాను, కారు వచ్చింది, దారిలో పెద్ద సరస్సు కనిపించిందిరా, సముద్రమనుకున్నాను" అని వాయిస్ పెట్టాడు. ఆ సరస్సు పేరు తోన్లే సాప్. వానాకాలంలో మేకాంగ్ నది నీళ్లు వెనక్కి తన్నడంతో ఐదారు రెట్లు పెరుగుతుంది. నవంబరులో ఇంకా నిండుగానే ఉంటుంది. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ వాయిస్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు ఏ కబురూ లేదు.

ఆ పంతొమ్మిది రోజులు హాస్టల్లో నేనేం చేసానో చెప్తే నవ్వుకుంటారు. లెక్కలు చేసాను. నా రూమ్మేటు మ్యాథ్స్ గ్రూపు. వాడి చేత నేర్చుకుని ఆ దూరాన్ని నోటుబుక్కులో కట్టాను. బ్యాంకాక్ డాన్ మువాంగ్ విమానాశ్రయం అక్షాంశం 13.9, రేఖాంశం 100.6. నాంఫెన్ 11.55, 104.85. అక్షాంశాల తేడా 2.35 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే 261. రేఖాంశాల తేడా 4.25. రేఖాంశాల మధ్య దూరం భూమధ్యరేఖ నుంచి పైకి వెళ్లే కొద్దీ తగ్గుతుంది కాబట్టి కొసైన్‌తో గుణించాలి, అక్కడ అది 0.975. అంటే 460. రెండూ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే 529. ఫోన్ చెప్పిన 530కి ఒక్కటే తక్కువ. టెన్త్‌లో పైథాగరస్ ఎందుకు చదువుతున్నామో తెలీకుండా చదివాను. ఆ రాత్రి తెలిసింది కానీ సంతోషం మాత్రం రాలేదు.

ఇంకోటి కూడా పట్టుకున్నాను. విమానం గంటకి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన పోతుంది కదా, అప్పుడు 530కి నలభై నిమిషాలు చాలాలి. మరి గంటా పది ఎందుకు? టికెట్‌లో రాసే టైము గాల్లో ఉన్న టైము ఒక్కటే కాదు. తలుపు మూసి గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగేదాకా మొత్తం కలుపుతారు. రన్‌వే దాకా నేల మీద పోవడం, వరసలో ఆగడం, పైకి ఎక్కడం, మళ్లీ మెల్లగా దిగడం. దూరం చిన్నదైతే ఎక్కడం దిగడంలోనే సగం అయిపోతుంది. అందుకే వైజాగ్ నుంచి బ్యాంకాక్‌కి 1900 కిలోమీటర్లు సగటున గంటకి 650 చొప్పున పోయిన విమానం, నాంఫెన్‌కి వచ్చేసరికి సగటున 450 దగ్గరే తేలుతుంది. మన ఘాట్ రోడ్డులో బస్సు లాగే అనుకోండి.

గడియారం సంగతి కూడా చెప్తా, నాకు ఇది బాగా నచ్చింది. ప్రతి 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట. గ్రీనిచ్‌కి ఏడు గంటలు ముందు అంటే 105 డిగ్రీలు. ఆ గీత నాంఫెన్ పక్క నుంచే పోతుంది. అంటే బ్యాంకాక్ గడియారం నిజానికి నాంఫెన్ పొద్దుని బట్టి నడుస్తోంది. తేడా పావుగంటే అనుకోండి. ఇవన్నీ కట్టి నోటుబుక్కు నింపేసాను. మా బావ ఎక్కడున్నాడో మాత్రం అందులో లేదు.

ఇరవయ్యో రోజు రాత్రి తెలీని నంబరు నుంచి ఫోను. గొంతు చాలా చిన్నగా ఉంది. పాస్‌పోర్టు తీసేసుకున్నారు. పెద్ద గోడలు, పైన ముళ్ల తీగ. రోజుకి పద్నాలుగు గంటలు ఫోన్ల ముందు కూర్చోబెట్టి మనవాళ్లతోనే మాట్లాడిస్తున్నారు, తెలుగులో. అమ్మాయి ఫోటో పెట్టి స్నేహం చేసి, డబ్బులు పెట్టుబడి పెట్టించే పని. కుదరదంటే కొడుతున్నారు, లేదా మూడు వేల డాలర్లు కట్టి పొమ్మంటున్నారు. "ఏ ఊర్లో ఉన్నావు బావా?" అని అడిగాను. "తెలీదురా. బోర్డులు వాళ్ల భాషలో, చైనా భాషలో ఉన్నాయి."

మర్నాడు మా హాస్టల్లో ఒక సీనియర్ అన్న, లా చదువుతున్నాడు, నాంఫెన్‌లోని భారత రాయబార కార్యాలయానికి మెయిల్ పెడదామన్నాడు. వైజాగ్ పోలీసులకి కూడా ఫిర్యాదు రాద్దామన్నాడు. అప్పుడే తెలిసింది, అదే సంవత్సరం మే నెలలో వైజాగ్ పోలీసులు కంబోడియాకి ఇలా కుర్రాళ్లని పంపిన ఏజెంట్లని పట్టుకున్నారని. పేపర్లలో వచ్చింది. మార్చి చివరికే దాదాపు 250 మంది భారతీయుల్ని కంబోడియా నుంచి వెనక్కి తెచ్చామని మన విదేశాంగ శాఖ చెప్పి ఉంది. అంటే నేను అరుగు మీద కూర్చుని గడియారాలు లెక్కేసే రోజుకి ఆరు నెలల ముందే ఇదంతా అచ్చులో ఉంది. నేను దూరం వెతికాను. ఊరు పేరు కొట్టి వార్తలు వెతకలేదు. ఒక్క నిమిషం పని.

మెయిల్‌లో ఎక్కడున్నాడో రాయాలి కదా. ఊరు తెలీదు. రెండోసారి ఫోను వచ్చినప్పుడు సీనియర్ అన్న చెప్పినట్టు చిన్న చిన్న ప్రశ్నలు అడిగాను. విమానాశ్రయం నుంచి కారులో ఎంతసేపు? రెండు గంటల పైన. రోడ్డు ఎలా ఉంది? చాలా వెడల్పు, మధ్యలో డివైడరు, టోల్ గేట్లు, ఎక్కడా ఊరు తగల్లేదు. దిగినచోట ఏం కనిపించింది? మేడల మధ్యలోంచి సముద్రం.

నోటుబుక్కు మళ్లీ తీసాను. ఆ దేశంలో ఇలాంటి చోట్ల పేర్లు వార్తల్లో మూడు ఎక్కువగా వస్తున్నాయి. పోయిపెట్, థాయ్‌లాండ్ సరిహద్దులో. నాంఫెన్ నుంచి 400 కిలోమీటర్ల పైన, రెండు గంటల్లో అవదు. బావెట్, వియత్నాం సరిహద్దులో. దూరం 160 దాకా, కానీ మామూలు రోడ్డు, సముద్రం లేదు. మూడోది సిహనౌక్‌విల్, సముద్రం ఒడ్డున. నాంఫెన్ నుంచి అక్కడికి 2022లో ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు, 187 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. టోల్ రోడ్డు. ఇంకేం కావాలి. మెయిల్‌లో సిహనౌక్‌విల్ అని రాసాం. బిల్డింగు రంగు, గేటు పక్కన ఏముంది, బావ చెప్పినవన్నీ రాసాం.

నేను చేసిన లెక్కల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

తర్వాతి సంగతులు పొడుగు, అన్నీ రాయను. మెయిళ్లు, మళ్లీ మెయిళ్లు, స్టేషన్ చుట్టూ మావయ్య తిరగడం, సంత రోజు కూడా పని మానుకుని కొండ దిగడం. ఐదు నెలలకి బావ వచ్చాడు. కొంతమందితో కలిపి పంపారు. నాంఫెన్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి ఇండియా. అదే గంటా పది నిమిషాలు. విమానంలో ఏమనిపించింది బావా అని ఒకసారి అడిగాను. "కిటికీ పక్క సీటు ఇచ్చార్రా. బయటికి చూడలేదు" అన్నాడు. అంతే.

ఇప్పుడు బావ ఊళ్లోనే ఉన్నాడు. షావుకారు అప్పు రెండు పంటలు తినేసింది, ఇంకా ఉంది. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు. అక్కడ తాను మాట్లాడిన ఒక రిటైర్డ్ మాస్టారు గురించి రెండుసార్లు చెప్పాడు, మూడోసారి చెప్పలేదు. నాతో మామూలుగానే ఉంటాడు. అత్త కూడా మామూలుగానే ఉంటుంది. నేను వెళ్తే చోడి అంబలి పోస్తుంది, హాస్టల్లో తిండి ఎలా ఉందని అడుగుతుంది. ఆ రోజు నువ్వేగా గంటే అన్నావు అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండు అనిపిస్తుంది నాకు.

ఇక ప్రశ్న పెట్టిన తమ్ముడికి.

దూరం 530 కిలోమీటర్లు, టైము గంటా పది. 2025 సెప్టెంబరులో నాంఫెన్‌కి కొత్త విమానాశ్రయం తెరిచారు, నగరానికి దక్షిణంగా ఉంది, కాబట్టి కాస్త పెరుగుతుంది. రోడ్డు మీద అయితే 650 దాకా, అరణ్యప్రథేత్ దగ్గర సరిహద్దు దాటాలి. కానీ 2025 జులైలో ఆ రెండు దేశాల సైన్యాలూ సరిహద్దులో కాల్పులు జరుపుకున్నాయి, రోడ్డు గేట్లు మూసేసారు. నిన్ను రోడ్డు మీద తీసుకెళ్తామని ఎవరైనా అంటే అదొక్కటే చాలు, ఆగిపో.

నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో మూడు చోట్ల నేను ఆగాను. ఒకటి, ఆఫర్ లెటర్‌లో ఊరు బ్యాంకాక్, టికెట్‌లో చివరి ఊరు నాంఫెన్. మా అత్త అడిగిన ప్రశ్నే నీకూ: మళ్లీ ఇమానం ఎందుకు? రెండు, కంబోడియా వీసా మీద టి అని ఉంది. అది టూరిస్టుది. అక్కడ పని చేసేవాళ్లు వెళ్లాల్సింది ఇ వీసా మీద. మూడు, నువ్వు ఏజెంటుకి లక్షా ఇరవై కట్టానన్నావు. మన దేశంలో రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవలసింది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. అతను రిజిస్టర్ అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొడితే తెలుస్తుంది. నేను కొట్టి చూసాను. నువ్వు చెప్పిన పేరు లేదు.

టెన్త్ పాసయ్యాను కాబట్టి నా పాస్‌పోర్టుకి చెక్ అక్కర్లేదు, విమానాశ్రయంలో ఎవరూ ఆపరు అని కూడా రాసావు. నిజమే. టెన్త్ పాస్ కానివాళ్లు పనికి వెళ్తే థాయ్‌లాండ్, మలేషియా లాంటి పద్దెనిమిది దేశాలకి ముందే అనుమతి కావాలి. మనం పాసయ్యాం కాబట్టి అక్కర్లేదు. పైగా కంబోడియా ఆ లిస్టులోనే లేదు. మా బావని కూడా ఎవరూ ఆపలేదు. ఇంటర్ పాస్.

డబ్బులు కట్టేసావు, తెలుసు. అప్పు చేసి కట్టావని కూడా తెలుసు. వెళ్లకపోతే ఊళ్లో ఏమంటారో కూడా తెలుసు. ఆ డబ్బులకి ఫిర్యాదు ఎలా రాయాలో సీనియర్ అన్న చూపిస్తానన్నాడు, మా బావ కేసులో రాసిన కాగితాలు అన్నీ ఉన్నాయి.

నీ టికెట్ 14వ తేదీ రాత్రికి. ఈరోజు 9. మా హాస్టల్లో రాత్రి పదింటికి లైట్లు ఆపేస్తారు, కానీ ఫోను ఆన్‌లోనే పెట్టుకుని పడుకుంటాను. ఇన్‌బాక్స్‌లో నా నంబరు పెట్టాను. బావకి నీ గురించి చెప్పాను. ఈ సంగతి ఎవరితోనూ మాట్లాడనివాడు, "వాడిని నాకు ఫోన్ చెయ్యమను" అన్నాడు. మా ఊళ్లో సిగ్నల్ గుట్ట మీదే వస్తుంది. రేపు సాయంత్రం ఐదు నుంచి గుట్ట మీదే కూర్చుంటానన్నాడు.